డబ్బు లెక్కల్లో వాడే ఇంగ్లీషు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకు ఫారాలు, అద్దె అగ్రిమెంట్లు, ఆఫీసు ఈమెయిళ్లు, కాలేజీ రసీదులు, వీటన్నిటిలోనూ డబ్బు మాటలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పైకి ఒకేలా కనిపించే ఈ మాటల్లో ఒకదాని చోట ఇంకొకటి పడితే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి నష్టమొస్తుంది. ఏ మాట వాడాలో తేల్చుకోవడానికి మూడు సంగతులు చూసుకోవాలి: డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు, దేనికి ఇస్తున్నారు, ఇచ్చింది తిరిగొస్తుందా రాదా. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాం.

ఫేర్, ఫీ, ఛార్జ్, టోల్: నాలుగూ కట్టాల్సిన డబ్బే కదా, తేడా ఏమిటి?

దేనికి కడుతున్నామన్నదే తేడా. మనిషి ప్రయాణానికి కట్టేది ఫేర్: బస్ ఫేర్, ట్రెయిన్ ఫేర్, ఆటో ఫేర్. సరుకు రవాణాకైతే ఫ్రైట్. చదువు చెప్పినందుకు, వైద్యం చేసినందుకు, వాదించినందుకు, లేదా ఒక అనుమతి ఇచ్చినందుకు కట్టేది ఫీ: డాక్టర్స్ ఫీ, ఎగ్జామ్ ఫీ, ఎంట్రీ ఫీ, రిజిస్ట్రేషన్ ఫీ. ఒక సేవకో సౌకర్యానికో అమ్మేవాళ్లు వేసేది ఛార్జ్: డెలివరీ ఛార్జ్, కొరియర్ ఛార్జ్, బ్యాంకు వాళ్లు వేసే సర్వీస్ ఛార్జ్. రోడ్డునో వంతెననో వాడుకున్నందుకు కట్టేది టోల్.

ఫేర్ అన్న మాటకు స్పెల్లింగ్ ఎఫ్ ఏ ఆర్ ఇ. అదే ఉచ్చారణతో ఎఫ్ ఏ ఐ ఆర్ అని ఇంకొకటుంది. దానికి న్యాయమైన, తెల్లని, తిరునాళ్ల లాంటి అర్థాలున్నాయి. రేషన్ దుకాణం బోర్డు మీద 'ఫెయిర్ ప్రైస్ షాప్' అని ఉండేది ఈ రెండోదే.

'బస్సు ఛార్జీలు పెరిగాయి' అంటాం కదా, అది తప్పా?

తెలుగు వాక్యంలో తప్పేమీ లేదు. ఛార్జీ ఎప్పుడో తెలుగు మాటైపోయింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం 'బస్ ఫేర్స్ హావ్ గాన్ అప్' అనాలి.

ఛార్జ్ క్రియగా వచ్చినప్పుడు కాస్త జాగ్రత్త. 'దే ఛార్జ్డ్ మీ ఫైవ్ హండ్రెడ్ రూపీస్' అంటే నా దగ్గర అయిదు వందలు తీసుకున్నారని. 'దే ఛార్జ్డ్ మీ విత్ థెఫ్ట్' అంటే నా మీద దొంగతనం కేసు పెట్టారని. మధ్యలో ఒక్క 'విత్' చేరితే షాపు కాస్తా పోలీస్ స్టేషన్ అవుతుంది.

ఫైన్, పెనాల్టీ, లేట్ ఫీ ఒకటేనా?

కాదు. చట్టాన్ని మీరినందుకు కోర్టో అధికారో వేసే జరిమానా ఫైన్. పెనాల్టీ దానికన్నా విశాలమైన మాట. పన్ను సరిగ్గా చూపకపోయినా, కాంట్రాక్టులో రాసుకున్న షరతు తప్పినా, లోను ముందే తీర్చేసినా పెనాల్టీ పడవచ్చు. లేట్ ఫీలో తప్పు చేశావన్న నింద ఉండదు, గడువు దాటినందుకు కట్టే అదనపు సొమ్మే అది. ఆదాయపు పన్ను రిటర్న్ గడువు దాటాక వేస్తే కట్టే 5,000 రూపాయలను (ఆదాయం 5 లక్షలు దాటకపోతే 1,000) చట్టం ఫీ అనే పిలుస్తుంది.

ట్రాఫిక్ పోలీసులు పంపే చలాన్ మన దేశపు మాట. అమెరికాలో ఉన్నవాళ్లతో 'ఐ గాట్ ఎ చలాన్' అంటే అర్థం కాదు. అక్కడ 'ఐ గాట్ ఎ టికెట్' అంటారు. బ్రిటన్‌లో పార్కింగ్ తప్పుకు కౌన్సిల్ ఇచ్చేది 'పెనాల్టీ ఛార్జ్ నోటీస్'. పైగా మనకు బ్యాంకులో డబ్బు కట్టే ఫారం కూడా చలానే, సరుకుతో పాటు లారీలో వచ్చే డెలివరీ కాగితమూ చలానే. ఏ చలానో ముందు మాట చెబితే తప్ప తెలియదు.

బారో, లెండ్ ఎప్పుడూ తారుమారవుతున్నాయి. గుర్తుంచుకునే దారేమిటి?

తెలుగులో 'అప్పు' రెండు వైపులకీ ఒకటే. తీసుకున్నానా, ఇచ్చానా అన్నది పక్కనున్న క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో అలా కాదు, క్రియే రెండుగా చీలిపోయింది. తీసుకునేవాళ్లది బారో, ఇచ్చేవాళ్లది లెండ్. 'హి బారోడ్ మీ టెన్ థౌజండ్' లాంటి తప్పు ఇక్కడి నుంచే పుడుతుంది.

'ఐ బారోడ్ టెన్ థౌజండ్ ఫ్రమ్ మై బ్రదర్-ఇన్-లా.' బావగారి దగ్గర పది వేలు తీసుకున్నాను.
'మై బ్రదర్-ఇన్-లా లెంట్ మీ టెన్ థౌజండ్.' బావగారు నాకు పది వేలు ఇచ్చారు.

బారో తర్వాత మనిషి పేరు రావాలంటే ముందు 'ఫ్రమ్' ఉండాలి. లెండ్ తర్వాత మనిషి నేరుగా రావచ్చు, లేదా 'టు'తో రావచ్చు. లెండ్‌కు భూతకాలం లెంట్. 'లెండెడ్' అనే మాట లేదు.

తిరిగి ఇచ్చేదైతేనే ఈ రెండు మాటలు. పక్కింటివాళ్ల దగ్గర గ్లాసుడు పంచదార బారో చేయవచ్చు, ఆ పంచదారే కాకపోయినా అంత పంచదార తిరిగి ఇస్తాం కనుక. కదలని వాటికి మాత్రం బారో పనికిరాదు. 'కెన్ ఐ బారో యువర్ బాత్‌రూమ్' అంటే దాన్ని ఊడబెరికి తీసుకెళ్తానన్నట్టుంటుంది. 'కెన్ ఐ యూజ్' అనాలి.

మరి లోన్, డెట్, హ్యాండ్ లోన్?

లోన్ అంటే ఫలానా అప్పు, విడిగా లెక్కపెట్టగలిగినది. 'ఐ హావ్ టూ లోన్స్.' డెట్ అంటే మెడ మీదున్న బాకీ, ఆ స్థితి. 'హి ఈజ్ ఇన్ డెట్.' దీని స్పెల్లింగ్‌లో బి ఉంది కానీ పలకదు.

'లోన్ మీ సమ్ మనీ' అని లోన్‌ను క్రియగా వాడడం అమెరికాలో మామూలే. బ్రిటిష్ పద్ధతిలో రాసే ఉత్తరాల్లో లెండ్ వాడడమే మేలు.

చేబదులుకు మనవాళ్లు అనే 'హ్యాండ్ లోన్' భారతీయ ఇంగ్లీషు. ఇక్కడి ఆడిటర్లకూ, లాయర్లకూ చక్కగా తెలుసు. విదేశీయులకు తెలియదు, వాళ్లకు 'ఎ పర్సనల్ లోన్ ఫ్రమ్ ఎ ఫ్రెండ్' అని చెప్పాలి. పేరు ఏదైనా, 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కో, ఆన్‌లైన్ బదిలీయో ఉండాల్సిందే.

'రెండు రూపాయల వడ్డీ'ని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ఇది చాలామంది తడబడే చోటు. 'టూ పర్సెంట్ ఇంట్రెస్ట్' అని రాస్తే బ్యాంకు మనిషి ఏడాదికి 2 శాతం అనుకుంటాడు. ఎందుకంటే బ్యాంకు లెక్క ఏడాదికి, మన ఊరి లెక్క నెలకు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 2 శాతం, ఏడాదికి 24. లక్ష రూపాయలకు నెల తిరిగేసరికి 2,000. ఇంగ్లీషులో 'టూ రూపీస్ పర్ హండ్రెడ్ పర్ మంత్, దట్ ఈజ్, ట్వెంటీ ఫోర్ పర్సెంట్ పర్ యానమ్' అని రెండు రకాలుగానూ రాస్తే వివాదం ఉండదు. రూపాయి వడ్డీ 12, రూపాయిన్నర 18, అయిదు రూపాయలైతే 60 శాతం.

బారువడ్డీ సింపుల్ ఇంట్రెస్ట్, చక్రవడ్డీ కాంపౌండ్ ఇంట్రెస్ట్. పై లెక్క బారువడ్డీది. నెల నెలా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే అదే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 26.8 శాతం దాటుతుంది.

ఫ్లాట్ రేట్, రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటే? రెండూ 12 శాతమే అంటున్నారు.

అంకె ఒకటే, కట్టే డబ్బు వేరు. ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వడ్డీ లెక్కేస్తారు. రెడ్యూసింగ్ అంటే తీరుతున్న కొద్దీ మిగిలిన అసలు మీద మాత్రమే వేస్తారు.

లక్ష రూపాయలు, ఏడాది, 12 వాయిదాలు అనుకోండి. ఫ్లాట్ 12 శాతమైతే వడ్డీ 12,000, నెలకు 9,333 రూపాయలు. రెడ్యూసింగ్ 12 శాతమైతే నెలకు 8,885, ఏడాది మొత్తం వడ్డీ దాదాపు 6,620. అంటే ఫ్లాట్ 12 అన్నది నిజానికి రెడ్యూసింగ్ లెక్కలో 21 శాతం పైమాటే. షోరూమ్‌లో 'ఓన్లీ ట్వెల్వ్ పర్సెంట్' అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'ఈజ్ ఇట్ ఫ్లాట్ ఆర్ రెడ్యూసింగ్?'

ఇక్కడే ఇంకో చిక్కు. అసలుకు ఇంగ్లీషు మాట ప్రిన్సిపల్, చివర పి ఏ ఎల్. కాలేజీ ప్రిన్సిపాల్‌కూ అదే స్పెల్లింగ్. చివర పి ఎల్ ఇ ఉన్నది సూత్రం, నియమం అనే మాట. లోను ఉత్తరంలో 'ప్రిన్సిపల్ అమౌంట్' అని రాయబోయి రెండో స్పెల్లింగ్ రాస్తే కంప్యూటర్ ఎర్రగీత కూడా పెట్టకపోవచ్చు, అది కూడా సరైన మాటే కనుక.

ప్లెడ్జ్, మార్ట్‌గేజ్, హైపాతికేషన్, లీన్: అన్నీ తాకట్టేనా?

తెలుగులో అన్నిటికీ తాకట్టు, కుదువ అనేస్తాం. ఇంగ్లీషులో, చట్టంలో వేర్వేరు పేర్లు. తాకట్టు పెట్టింది ఏ రకం ఆస్తి, అది ఎవరి చేతిలో ఉంది అన్న రెండిటిని బట్టి పేరు మారుతుంది.

బంగారం పెట్టి అప్పు తీసుకుంటే నగ బ్యాంకు లాకర్లోకి వెళ్తుంది. వస్తువు అప్పిచ్చినవాళ్ల స్వాధీనంలో ఉండే ఈ తాకట్టు ప్లెడ్జ్. స్కూల్లో రోజూ చెప్పే ప్రతిజ్ఞకూ ఇదే మాట.

ఇల్లు, పొలం, స్థలం లాంటి స్థిరాస్తి పెడితే మార్ట్‌గేజ్. ఇంగ్లీషు ఉచ్చారణలో 'ట్' పలకదు, 'మోర్గేజ్' అంటారు. మామూలు హోమ్ లోన్‌లో ఇంట్లో మనమే ఉంటాం, దస్తావేజులు బ్యాంకు దగ్గర ఉంటాయి. దస్తావేజులు అప్పగించి చేసే ఈ పద్ధతికి 'మార్ట్‌గేజ్ బై డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్' అని పేరు. అమెరికాలో, బ్రిటన్‌లో ఇల్లు కొనడానికి తీసుకునే అప్పు పేరే మార్ట్‌గేజ్. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫోన్‌లో 'మార్ట్‌గేజ్ కడుతున్నా' అంటే ఇల్లు కుదువ పెట్టేశాడని ఇక్కడివాళ్లు కంగారు పడక్కర్లేదు. హోమ్ లోన్ వాయిదా కడుతున్నాడు, అంతే.

బండి, ట్రాక్టర్, దుకాణంలోని సరుకు అప్పు తీసుకున్నవాళ్ల దగ్గరే ఉండి, హక్కు మాత్రం బ్యాంకుకు రాసి ఉంటే హైపాతికేషన్. బండి ఆర్‌సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరు పడుతుంది. చాలామంది చివరి వాయిదా కట్టగానే పని అయిపోయిందనుకుంటారు. కాదు. ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో 'హైపాతికేషన్ టెర్మినేషన్'కు దరఖాస్తు చేయాలి. అది చేయకపోతే ఆర్‌సీలో ఆ పేరు అలాగే ఉండిపోయి, బండి అమ్మేనాడు బేరం ఆగిపోతుంది.

లీన్ స్పెల్లింగ్ ఎల్ ఐ ఇ ఎన్. డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది, వాడుకోవడానికి వీలుండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోను తీసుకుంటే ఆ డిపాజిట్ మీద లీన్ పడుతుంది. ఐపీఓకు, అంటే ఒక కంపెనీ తొలిసారి జనానికి అమ్మే షేర్లకు, దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో 'లీన్ మార్క్డ్' అనో 'బ్లాక్డ్' అనో ఉండేది ఇదే. డబ్బు పోలేదు, షేర్లు రాకపోతే ఆ లీన్ తీసేస్తారు.

రెంట్, హైర్, లీజ్‌లలో ఏది ఎక్కడ?

మనకూ ఇక్కడ మాటల తేడా ఉంది: ఇల్లు అద్దెకు, కారు బాడుగకు లేదా కిరాయికి, పొలం కౌలుకు. ఇంగ్లీషులో ఇల్లు రెంట్. కొద్ది గంటలకో రోజులకో తీసుకునే వస్తువు బ్రిటిష్ ఇంగ్లీషులో హైర్, అమెరికన్ ఇంగ్లీషులో అదీ రెంటే. అమెరికాలో హైర్ అంటే ఎక్కువగా మనిషిని పనిలో పెట్టుకోవడమే. పొలం, ఆఫీసు, షాపు లాంటివి రాతకోతలతో కొన్నేళ్లకు తీసుకుంటే లీజ్.

రెంట్‌లో ఒక ఇబ్బంది ఉంది. 'ఐ రెంట్ ఎ హౌస్' అన్నప్పుడు అద్దెకు ఉంటున్నారా, అద్దెకు ఇస్తున్నారా? మామూలుగా మొదటి అర్థమే తీసుకుంటారు. ఇస్తున్నారని చెప్పాలంటే 'ఐ రెంట్ అవుట్ మై హౌస్' అనాలి, బ్రిటిష్ పద్ధతిలో 'ఐ లెట్ మై హౌస్'. గేట్లకు వేలాడే 'టు లెట్' బోర్డులోని లెట్ అదే. రెండు మాటలూ కలిపి రాస్తే ఇంగ్లీషువాళ్లు టాయిలెట్‌లో ఐ పడిపోయిందనుకుంటారు.

'హౌస్ ఓనర్' ఇక్కడ చెల్లుతుంది. ఇంగ్లీషులో అద్దెకుండేవాళ్ల దృష్టి నుంచి ఆయన ల్యాండ్‌లార్డ్, ఆవిడ ల్యాండ్‌లేడీ. అద్దెకుండేవాళ్లు టెనెంట్.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే 11.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఇచ్చే అడ్వాన్స్‌ను ఇంగ్లీషులో అడ్వాన్స్ అనే రాయాలా?

వద్దు, 'సెక్యూరిటీ డిపాజిట్' లేదా 'రీఫండబుల్ డిపాజిట్' అని రాయించుకోండి. అడ్వాన్స్ అంటే ఇంగ్లీషులో ముందుగా కట్టిన సొమ్ము, తర్వాత కట్టాల్సిన దాంట్లో జమ అయ్యేది. 'అడ్వాన్స్ రెంట్' అని అగ్రిమెంట్‌లో పడితే అది రాబోయే నెలల అద్దె అని వాదించే వీలుంటుంది. డిపాజిట్ అయితే ఖాళీ చేసేటప్పుడు తిరిగి రావాలి. ఇంటికి సున్నం వేయించే ఖర్చు, కరెంటు బాకీ ఎంత మినహాయించుకుంటారో కూడా అగ్రిమెంట్‌లోనే ఉంటే మంచిది.

స్థలం కొనేటప్పుడు ఇచ్చే బయానాకు ఇంగ్లీషు మాట 'ఎర్నెస్ట్ మనీ'. బేరం జరిగితే ధరలో కలిసిపోతుంది, కొనేవాళ్లు వెనక్కి తగ్గితే సాధారణంగా పోతుంది. ఇంగ్లీషు అగ్రిమెంట్‌లో ఆ పోవడానికి వాడే మాట 'ఫర్‌ఫీట్'. బండి లోనులో మొదట మన జేబులోంచి కట్టేది డౌన్ పేమెంట్.

బిల్, ఇన్‌వాయిస్, రిసీట్ ఒకటే అనుకుంటున్నాం.

బిల్, ఇన్‌వాయిస్ రెండూ 'ఇంత కట్టాలి' అని చెప్పే కాగితాలు. వ్యాపారాల మధ్య నడిచే వివరమైన కాగితాన్ని ఇన్‌వాయిస్ అంటారు, మామూలు కొనుగోలుదారుడికి ఇచ్చేది బిల్. 'కట్టారు, మాకు ముట్టింది' అని చెప్పేది రిసీట్. అందులో పి పలకదు. ఆఫీసులో డబ్బు రావాలంటే చాలాసార్లు బిల్లు ఒక్కటే సరిపోకపోవడానికి కారణమిదే: కొన్నారని బిల్లు చెబుతుంది, కట్టారని రసీదు చెబుతుంది.

వరస ఇలా ఉంటుంది: ధర చెప్పే కొటేషన్, కొనేవాళ్లిచ్చే పర్చేజ్ ఆర్డర్, సరుకుతో డెలివరీ చలాన్, ఆపైన ఇన్‌వాయిస్, డబ్బు ముట్టాక రిసీట్. కొటేషన్‌లో ధర ఖాయం, ఎస్టిమేట్‌లో అంచనా మాత్రమే. మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేట్ దాటితే అతన్ని మాట తప్పాడనలేం.

జీఎస్‌టీ వచ్చాక పన్ను వసూలు చేసేవాళ్లిచ్చేది 'ట్యాక్స్ ఇన్‌వాయిస్'. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న వ్యాపారి ఇచ్చేది 'బిల్ ఆఫ్ సప్లై', అతను కొనేవాళ్ల దగ్గర విడిగా జీఎస్‌టీ తీసుకోకూడదు. 5,000 రూపాయలు దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయాలి.

అమెరికా హోటల్లో 'బిల్' బదులు 'చెక్' అడుగుతారు. అక్కడ 'ఎ టెన్ డాలర్ బిల్' అంటే పది డాలర్ల నోటు.

శాలరీ, వేజెస్, స్టైపెండ్, ఆనరేరియం: ఎవరికి ఏది?

నెలకో ఏడాదికో ఖాయంగా వచ్చేది శాలరీ. రోజుకో గంటకో పనికో లెక్కగట్టి ఇచ్చేది వేజెస్. ఉపాధి హామీ కూలి వేజెస్, టీచర్ జీతం శాలరీ. నేర్చుకుంటూ పనిచేసేవాళ్లకిచ్చేది స్టైపెండ్: అప్రెంటిస్‌లు, హౌస్ సర్జన్లు, పీజీ డాక్టర్లు. అంగన్‌వాడీ కార్యకర్తల గౌరవ వేతనం ఇంగ్లీషులో ఆనరేరియం, మొదటి హెచ్ పలకదు. ఈ మాట మీద పేచీ ఊరికే రాలేదు. ఆనరేరియం అంటే స్వచ్ఛంద సేవకు గుర్తింపుగా ఇచ్చేదన్న అర్థం ఉంది, శాలరీ అయితే ఉద్యోగి హక్కులు వెంట వస్తాయి.

శాలరీ లాటిన్ సలారియం నుంచి వచ్చింది. ఆ మాటలో ఉప్పు ఉంది కానీ, రోమన్ సైనికులకు జీతంగా ఉప్పే కొలిచి ఇచ్చారన్న కథకు గట్టి ఆధారం లేదు.

వెనకటి బకాయిలు ఎరియర్స్, ఎప్పుడూ బహువచనమే. 'డీఏ ఎరియర్స్ ఆర్ పెండింగ్.'

సీటీసీ, గ్రాస్, నెట్: ఆఫర్ లెటర్‌లో ఆరు లక్షలుంటే చేతికి ఎంత వస్తుంది?

సీటీసీ అంటే కాస్ట్ టు కంపెనీ, మీ మీద కంపెనీ పెట్టే ఖర్చు. అందులో మీ చేతికి రానివీ ఉంటాయి. ఆరు లక్షలంటే నెలకు 50,000. మూల వేతనం 25,000 అనుకుందాం. కంపెనీ తన వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 1,202 ఇందులోంచే చూపిస్తే గ్రాస్ 46,998. దాంట్లోంచి మీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే నెట్ 44,998. దాన్నే టేక్ హోమ్ అంటారు. ఆరోగ్య బీమా ప్రీమియం, ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే కూడా సీటీసీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇంటర్వ్యూలో 'వాట్ ఈజ్ యువర్ కరెంట్ శాలరీ' అని అడిగితే ఏ అంకె చెబుతున్నారో కూడా చెప్పండి.

రీఫండ్, రీయింబర్స్‌మెంట్, క్యాష్‌బ్యాక్?

మీరు కట్టింది ఎవరికి కట్టారో వాళ్ల దగ్గర నుంచే వెనక్కొస్తే రీఫండ్: రద్దయిన టికెట్, వాపసిచ్చిన చొక్కా. మీరు ఒకరికి కట్టింది ఇంకొకరు మీకిస్తే రీయింబర్స్‌మెంట్: హోటల్‌కు మీరు కట్టారు, ఆఫీసు మీకిచ్చింది. కొన్నందుకు కానుకగా కొంత తిరిగి వస్తే క్యాష్‌బ్యాక్. ఫెయిలైన యూపీఐ చెల్లింపు ఖాతాలోకి తిరిగి రావడం రివర్సల్. కస్టమర్ కేర్‌కు రాసేటప్పుడు రీఫండ్ అని రాస్తే దుకాణం వైపు చూపిస్తారు, రివర్సల్ అంటే బ్యాంకు వైపు.

రుణమాఫీని 'వేవర్' అనాలా, 'రైట్ ఆఫ్' అనాలా?

వేవర్. వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి. వేవర్ అంటే కట్టాల్సినవాళ్లు ఇక కట్టక్కర్లేదు. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన పుస్తకాల్లో ఆ అప్పును వసూలు కాని ఖాతాగా పక్కన పెట్టింది, అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యత మాత్రం పోలేదు, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుంది. 2008లో కేంద్రం తెచ్చిన పథకం పేరు 'అగ్రికల్చరల్ డెట్ వేవర్ అండ్ డెట్ రిలీఫ్ స్కీమ్'. అందులో సన్నకారు, చిన్నకారు రైతులకు దక్కింది వేవర్, అర్హమైన బాకీ మొత్తం రద్దు. మిగతా రైతులకు రిలీఫ్, వాళ్లు 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. రెండు మాటలు ఊరికే పెట్టలేదు.

స్పెల్లింగ్‌లో ఐ మరిచిపోతే వేవర్ కాస్తా 'ఊగిసలాట' అయిపోతుంది.

చిన్న తగ్గింపుల్లోనూ వేర్వేరు మాటలున్నాయి. అమ్మేవాళ్లు ధర తగ్గిస్తే డిస్కౌంట్. దివ్యాంగులు, విద్యార్థుల్లాంటి వర్గానికి ఇచ్చే రాయితీ కన్సెషన్. కట్టాల్సిన పన్నులో తగ్గింపు రిబేట్: హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో ఆస్తి పన్ను ముందుగా కట్టినవాళ్లకు ఎర్లీ బర్డ్ పథకం కింద వచ్చే 5 శాతం అదే. ప్రభుత్వం తన వంతు భరిస్తే సబ్సిడీ.

ప్రైస్, కాస్ట్, వేల్యూ తేడా క్లుప్తంగా?

అమ్మేవాళ్లు అడిగేది ప్రైస్, తయారీకో కొనడానికో అయ్యేది కాస్ట్, అది మనకు ఎంత విలువన్నది వేల్యూ. 'చీప్ ప్రైస్' అనకూడదు: వస్తువుకు 'చీప్' అనాలి, ప్రైస్‌కు 'లో' (తక్కువ) అనాలి. 'ఇన్‌వాల్యుయబుల్' అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. 'యువర్ హెల్ప్ వాజ్ ఇన్‌వాల్యుయబుల్' అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. విలువ లేనిదానికి మాట వర్త్‌లెస్.

వడ్డీ 8 నుంచి 10కి పెరిగితే '2 శాతం పెరిగింది' అనవచ్చా?

'టూ పర్సెంటేజ్ పాయింట్స్' పెరిగింది అనాలి. శాతంలో చెబితే అది 25 శాతం పెరుగుదల. పాయింట్‌లో నూరో వంతు బేసిస్ పాయింట్. రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 25 బేసిస్ పాయింట్లు తగ్గించిందంటే పావు శాతం అని.

విదేశాలకు రాసేటప్పుడు లక్షలు, కోట్లు ఎలా?

మిలియన్లలోకి మార్చండి. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు, వంద కోట్లు బిలియన్, లక్ష కోట్లు ట్రిలియన్. కామాలూ మారాలి: మన 12,50,000 అక్కడ 1,250,000. పాత బ్రిటిష్ పుస్తకాల్లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు. ప్రభుత్వ లెక్కల్లో బ్రిటన్ 1974లో ఇప్పటి అర్థానికి మారింది.

చెక్కు మీది మాటలు వివరిస్తారా?

చెక్కు రాసి సంతకం చేసేది డ్రాయర్, డబ్బు ఇవ్వాల్సిన బ్యాంకు డ్రాయీ, ఎవరి పేర రాశారో వాళ్లు పేయీ. అక్షరాల్లో మొత్తం రాశాక 'ఓన్లీ' పెట్టేది ఆ తర్వాత ఎవరూ ఇంకో మాట చేర్చకుండా. ఎడమ పై మూల రెండు గీతలు గీసి 'ఏ/సీ పేయీ' అని రాస్తే ఆ పేరున్న ఖాతాలోకే వెళ్తుంది, కౌంటర్లో నగదు ఇవ్వరు. తేదీ నుంచి మూడు నెలలు దాటితే అది స్టేల్ చెక్, చెల్లదు. 2012 ఏప్రిల్ 1కి ముందు ఈ గడువు ఆరు నెలలు.

మాటల్లో 'బౌన్స్' అంటాం, కాగితాల్లో 'డిసానర్'. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు డ్రాయర్‌కు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక కట్టడానికి అతనికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెల లోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కోర్టులో ఫిర్యాదు చేయాలి. చాలా కేసులు మొదటి 30 రోజులు 'రేపిస్తా, ఎల్లుండిస్తా' అన్న మాటలు వింటూ గడిచిపోయే పాడవుతాయి.

చెక్కు అన్న మాటకు బ్రిటిష్, భారతీయ స్పెల్లింగ్ చివర క్యూ యు ఇ. అమెరికాలో చివర సీ కే.

పే తర్వాత 'ఫర్' ఎప్పుడు పెట్టాలి?

బిల్లు, ఫీ, అద్దె, ఫైన్, అప్పు: వీటికి ఫర్ వద్దు. 'ఐ పెయిడ్ ద రెంట్.' కొన్న వస్తువుకూ, పొందిన సేవకూ ఫర్ కావాలి. 'ఐ పెయిడ్ ఫర్ ద బుక్.' ఫర్ లేకుండా అంటే పుస్తకం చేతిలో డబ్బు పెట్టినట్టు. మనిషికి నేరుగా: 'ఐ పెయిడ్ ద ఎలక్ట్రీషియన్.' ఖర్చుకు ఆన్: 'వి స్పెంట్ టూ లాఖ్స్ ఆన్ ద ఫంక్షన్.' ఇవ్వాల్సి ఉంటే ఓ: 'ఐ ఓ హిమ్ ఫైవ్ థౌజండ్.'

డ్యూ, ఓవర్‌డ్యూ?

కట్టాల్సిన రోజు ఉన్నది డ్యూ, ఆ రోజు దాటిపోయింది ఓవర్‌డ్యూ. 'ద ఇన్‌స్టాల్‌మెంట్ ఈజ్ డ్యూ ఆన్ ద ఫిఫ్త్' అని మెసేజ్ వస్తే ఇంకా టైముంది. 'ఓవర్‌డ్యూ' అని వస్తే లేట్ ఫీ లెక్క అప్పటికే మొదలై ఉండవచ్చు. కాలేజీ వదిలేటప్పుడో, లోను తీరాకో తీసుకునేది 'నో డ్యూస్ సర్టిఫికెట్', అందులో డ్యూస్ బహువచనం.